మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద: ప్రాథమిక బడిలో పిల్లల మాట ఎక్కడ ఆగిపోతోంది?

క్లుప్తంగా: పిల్లల అభిప్రాయం వినాలని చట్టంలో ఉంది, పాఠ్యపుస్తకంలో ఉంది, అంతర్జాతీయ ఒడంబడికలోనూ ఉంది. అయినా ఒకటి నుంచి ఐదు తరగతుల బడుల్లో పిల్లల మాట వినపడడం అరుదు. మాట్లాడే అవకాశం తక్కువ కావడం ఇందుకు సగం కారణమే. మిగతా సగం ఏమిటంటే, పిల్లలు ఏదైనా చెబితే దానికి ఫలానావాళ్లు జవాబు చెప్పాలనే ఏర్పాటు ఎక్కడా లేదు. రాజస్థాన్‌లోని టిలోనియా, కర్ణాటక, కొలంబియా, వేల్స్ అనుభవాలతో పోల్చి చూస్తే ఈ లోటు స్పష్టంగా కనిపిస్తుంది.

"అర్థమైందా?" "అయ్యింది సార్!"

పాఠం అయ్యాక టీచరు "అర్థమైందా?" అని అడగడం, తరగతి మొత్తం రాగం తీసి "అయ్యింది సా...ర్!" అనడం తెలుగు బడిలో చదివిన ఎవరికీ కొత్త కాదు. ఆ కేకలో అర్థం కాని పిల్లవాడి గొంతు కూడా కలిసే ఉంటుంది. ఈ సంగతి టీచరుకు తెలుసు, పిల్లలకూ తెలుసు. అయినా అది రోజూ సాగుతుంది, ఎందుకంటే దానివల్ల ఇద్దరికీ సౌకర్యం ఉంది. టీచరు తర్వాతి పేజీకి వెళ్లిపోవచ్చు. పిల్లవాడు గుంపులో దాక్కోవచ్చు. ఒక్కడే లేచి "కాలేదు సార్" అంటే అందరి కళ్లూ తన మీదే పడతాయన్న టెన్షన్ తప్పుతుంది.

పిల్లలు బిడియస్తులు, ఇళ్లలో మాట్లాడనివ్వరు అని దీనికి సంజాయిషీ చెప్పడం మామూలే. అదే పిల్లలు ఇంటర్వెల్‌లో ఆటకు జట్లు ఎంత గట్టిగా వాదించుకుని ఎంచుకుంటారో చూస్తే ఆ సంజాయిషీ నిలవదు. నోరు లేనిది పిల్లలకు కాదు, తరగతి గది అమరికలోనే అది మూతపడుతోంది.

ఆ అమరికలో ఒక చిన్న భాగాన్ని అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో టేపు రికార్డులు పెట్టి కొలిచారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు. ఆలోగా జవాబు రాకపోతే ఇంకొకరిని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. ఆ ఒక్క సెకనును మూడు సెకన్లు చేస్తే జవాబుల నిడివి పెరిగింది, "తెలీదు" అనడం తగ్గింది, వెనకబడ్డారనుకున్న పిల్లలు కూడా నోరు విప్పారు. ఒక్క సెకనులో జవాబు చెప్పగలిగేది ముందే తెలిసినవాడు, లేదా అందరితో కలిసి అరిచేవాడు మాత్రమే.

ఒకటో తరగతి పిల్లవాడు బడిలో మొదట నేర్చుకునే క్రమశిక్షణ ఏమిటో గమనించినా విషయం తెలుస్తుంది. చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో.

చట్టంలో ఉన్నదీ, లేనిదీ

1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఈ చర్చకు మూలం. సొంత అభిప్రాయం ఏర్పరచుకోగల ప్రతి బిడ్డకూ, తనకు సంబంధించిన అన్ని విషయాల్లో దాన్ని స్వేచ్ఛగా చెప్పే హక్కు ఉందని, వయసునూ పరిణతినీ బట్టి ఆ అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని అది చెబుతుంది. భారతదేశం 1992లో ఇందులో చేరింది. విద్యార్థుల గొంతు గురించి ఎంతో మాట్లాడే అమెరికా ఇప్పటికీ దీన్ని ఆమోదించలేదన్నది ఒక విచిత్రం. ఈ అధికరణానికి వయసు పరిమితి లేదని, బిడ్డ చెప్పినదాన్ని ఎలా పరిగణనలోకి తీసుకున్నారో తిరిగి ఆ బిడ్డకు తెలియజేయాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ 2009లో వివరణ ఇచ్చింది.

అదే ఏడాది మన దేశంలో విద్యాహక్కు చట్టం వచ్చింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకిచ్చే 25 శాతం సీట్ల గురించి, డిటెన్షన్ (తప్పినవాళ్లను అదే తరగతిలో ఉంచడం) గురించి జరిగినంత చర్చ అందులోని 29వ సెక్షన్ మీద జరగలేదు. బిడ్డలో భయం, ఆందోళన లేకుండా చేసి, అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకోవడానికి తోడ్పడాలన్న మాట అక్కడ స్పష్టంగానే ఉంది. కానీ ఆ సెక్షన్ ఎవరిని ఉద్దేశించిందో చూడాలి. పాఠ్యప్రణాళిక, మూల్యాంకన విధానం తయారుచేసే సంస్థ వీటిని దృష్టిలో పెట్టుకోవాలని అంటుంది. అంటే ఆదేశం పుస్తకం రాసేవాళ్లకు. బడి నడిపేవాళ్లు పిల్లలకు ఫలానా విధంగా జవాబుదారీగా ఉండాలని అందులో లేదు. దండననూ మానసిక వేధింపులనూ నిషేధించే 17వ సెక్షన్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ఏది చేయకూడదో, చేస్తే ఏమవుతుందో ఉంది. ఇక్కడ సదుద్దేశం మాత్రమే ఉంది.

పుస్తకం రాసేవాళ్లు తమ వంతు చేశారనే చెప్పాలి. దశాబ్దం పైబడి తెలుగు వాచకాల్లో పాఠానికి ముందు ఒక బొమ్మ, దాని కింద "బొమ్మలో ఏం జరుగుతోంది?" లాంటి ప్రశ్నలు, పాఠం తర్వాత విని ఆలోచించి మాట్లాడే అభ్యాసం ఉంటున్నాయి. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే సీసీఈ, వచ్చాక ఏడాది మధ్యలో పెట్టే 50 మార్కుల ఫార్మేటివ్ పరీక్షలో "పిల్లల భాగస్వామ్యం, ప్రతిస్పందనలు" పేరుతో 10 మార్కులు కేటాయించారు. ఆలోచన మంచిదే. కానీ స్పందనకు మార్కులు పెట్టాక జరగాల్సిందే జరిగింది. చదివిన పుస్తకం గురించి సొంతంగా రాయాల్సిన నాలుగు ముక్కలు ఒకరి నోట్సులోంచి ఇంకొకరి నోట్సులోకి అక్షరం పొల్లుపోకుండా ఎక్కాయి. రికార్డులో అందరూ బాగా స్పందించినట్టే ఉంటుంది.

చట్టం ప్రకారం ఏర్పడే పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, మొత్తంలో సగం మహిళలు ఉండాలి. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నిబంధనల్లో, మిగిలిన పావు వంతులో కొంత భాగాన్ని స్థానిక విద్యావేత్తలతో గానీ, బడి పిల్లలతో గానీ నింపవచ్చని ఉంది. ఆ "గానీ" దగ్గరే పిల్లల కుర్చీ జారిపోయింది. తెలుగు రాష్ట్రాల కమిటీల్లో తల్లిదండ్రులు, హెడ్మాస్టర్, వార్డు మెంబరు, అంగన్‌వాడీ కార్యకర్త లాంటివాళ్లు కనిపిస్తారు, పిల్లలు కనిపించరు. ప్రభుత్వ ఎయిడ్ తీసుకోని ప్రైవేటు బడులకైతే ఈ కమిటీ నిబంధనే వర్తించదు. అక్కడ పిల్లల మాట తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు దాకా వెళ్తే వెళ్లినట్టు. ఆ గ్రూపులో ఎక్కువగా నడిచేది హోంవర్కు, ఫీజు, బస్సు టైమింగు.

క్లాస్ లీడర్ ఎవరి మనిషి?

ప్రతి తరగతికీ ఒక లీడర్ ఉంటాడు. పిల్లల ప్రతినిధి అన్నది పేరు. చేసే పని చూస్తే వేరు. టీచరు ఆఫీసు గదికి వెళ్లినప్పుడు లీడర్ చాక్‌పీస్ పట్టుకుని బోర్డు పక్కన నిలబడి, మాట్లాడినవాళ్ల పేర్లు రాస్తాడు. మళ్లీ మాట్లాడితే పేరు పక్కన ఇంటూ మార్కు పెడతాడు. స్నేహితుల పేర్లు చెరిపేస్తాడు, పడనివాళ్లవి పైకెక్కిస్తాడు. పిల్లలందరి తరఫున మాట్లాడాల్సిన ఏకైక పదవికి అప్పగించిన పని, మాట్లాడినవాళ్లను పట్టించడం.

దీన్ని టీచర్ల తప్పుగా చూస్తే అసలు కారణం కనపడకుండా పోతుంది. కేంద్ర విద్యాశాఖ బడుల వివరాలు సేకరించే యూడైస్ 2024-25 లెక్కల ప్రకారం దేశంలో 1,04,125 బడులు ఏకోపాధ్యాయ పాఠశాలలు. అందులో అత్యధికంగా 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. తెలంగాణలో 5,001. ఒక్క టీచరు ఐదు తరగతులకు పాఠం చెబుతూ, భోజనం లెక్క చూస్తూ, యాప్‌లో హాజరు ఎక్కిస్తూ ఉంటే, ఐదో తరగతి పిల్లవాడు రెండో తరగతిని అదుపులో పెట్టే సహాయకుడిగా మారక తప్పదు. క్లాస్ లీడర్ నిజానికి జీతం లేని అసిస్టెంటు. అతను కిందివాళ్ల మాట పైకి మోసేవాడు కాదు, పైవాళ్ల మాట కిందికి తెచ్చేవాడు.

ఎంపిక కూడా ఈ అవసరాన్ని బట్టే జరుగుతుంది. బాగా చదివేవాడు, గొంతున్నవాడు, టీచరు ఇంట్లో ఫోను మర్చిపోతే పరుగెత్తి తెచ్చేవాడు లీడర్ అవుతాడు. చాలా చోట్ల ఇప్పుడు ఎన్నికలు పెడుతున్నారు. మొబైల్ ఫోనునే ఈవీఎంలా వాడి, వేలికి సిరా చుక్క పెట్టి, గుర్తులు ఇచ్చి నడిపే స్కూలు ఎన్నికలు చూడముచ్చటగానే ఉంటాయి. ఓటు ఎలా వేయాలో పిల్లలకు తెలుస్తుంది. కానీ గెలిచినవాడి పని బోర్డు మీద పేర్లు రాయడమే అయితే, ఎన్నికవల్ల మారేది చాక్‌పీస్ ఎవరి చేతిలో ఉందన్నది మాత్రమే.

ఇందులో కులం, లింగం, భాష కూడా పనిచేస్తాయి. ఊళ్లో పలుకుబడి ఉన్న ఇంటి పిల్లవాడికి తరగతిలోనూ పలుకుబడి ఉంటుంది. ఎవరినీ ప్రత్యేకంగా పట్టించుకోకుండా "ఎవరైనా చెప్పండి" అంటే లేచే చేతులు రోజూ ఆ నాలుగైదే.

ఒక్కరోజు హెడ్మాస్టర్లు

స్వపరిపాలన దినోత్సవం తెలుగు బడుల్లో పాత ఆనవాయితీ. ఆ రోజు పిల్లలు చీరలు, పంచెలు కట్టుకొచ్చి టీచర్లవుతారు. ఒకరు హెడ్మాస్టర్, ఇంకొకరు ఎంఈఓ (మండల విద్యాధికారి), మరొకరు కలెక్టర్. సాయంత్రం బాగా పాఠం చెప్పినవారికి పెన్నో, స్టీలు గ్లాసో బహుమతి. పిల్లలకు అది పండగే, అందులో తప్పు పట్టాల్సింది లేదు. అయితే ఆ రోజు హెడ్మాస్టర్ అయిన అమ్మాయి పంపు బాగుచేయించమని ఒక తీర్మానం రాస్తే అది మర్నాటికి చెల్లుతుందా? చెల్లదు. అధికారపు దుస్తులు చేతులు మారతాయి, అధికారం ఉన్నచోటే ఉంటుంది.

పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్ కోసం వివరించారు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నది ఆయన వాదన: పెద్దల మాట పిల్లల చేత పలికించడం, పిల్లలను అలంకారంగా వాడుకోవడం, పేరుకు ఒకరిద్దరిని కూర్చోబెట్టడం. స్వపరిపాలన దినోత్సవం ఈ కొలతలో రెండో మెట్టు దాటదు. నాయకుల ముందు కంఠతా పట్టిన ప్రసంగం అప్పజెప్పే చిన్నారి వీడియో, ఎన్ని లక్షల మంది చూసినా, మొదటి మెట్టు మీదే ఉంటుంది. 2025 నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది. హైస్కూలు వయసు పిల్లలకు సభ ఎలా నడుస్తుందో తెలియడానికి అది పనికొస్తుంది. కానీ శాసనసభ తెలియడం వేరు, తన బడిలో తన మాట చెల్లడం వేరు.

బెల్‌ఫాస్ట్ క్వీన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన లారా లండీ 2007లో ఇదే విషయాన్ని ఇంకాస్త పనికొచ్చేలా విడదీశారు. చోటు, గొంతు, వినేవాడు, ప్రభావం అనే నాలుగూ ఉంటేనే 12వ అధికరణం అమలైనట్టు. మన బడులకు ఈ కొలత పెడితే మొదటి రెండూ ఏదో ఒక రూపంలో దొరుకుతాయి. బాలల సభ చోటు ఇస్తుంది, ప్రార్థనలో వార్తలు చదివించడం గొంతు ఇస్తుంది. వినేవాడి దగ్గరికి వచ్చేసరికి గొలుసు తెగుతుంది.

పెట్టె ఎందుకు ఖాళీగా ఉంటుంది?

పిల్లల మాట వినాలనగానే పైనుంచి వచ్చే మొదటి ఆదేశం ఫిర్యాదుల పెట్టె. హెడ్మాస్టర్ గది గోడకు తాళం వేసిన ఒక పెట్టె. తెరిస్తే ఖాళీ. సమస్యలు లేవు కాబట్టి చీటీలు లేవని నివేదికలో రాస్తారు.

చీటీ రాయాలంటే ముందు రాయడం రావాలి. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే 2024 లెక్క ప్రకారం గ్రామీణ భారతంలో రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు 27.1 శాతం. చదవడమే అంత కష్టమైనచోట, జరిగిన అన్యాయాన్ని చీటీలో రాసి పెట్టెలో వేయడం ప్రైమరీ పిల్లల్లో ఎక్కువ మందికి అందని పని. రాయగలిగినవాళ్లకు ఇంకో భయం. ఇరవై మంది ఉన్న బడిలో చేతిరాత చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. పైగా తాళంచెవి ఉండేది ఆ ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల దగ్గరే కావచ్చు. హైస్కూలుకు, హాస్టలుకు పనికొచ్చే సాధనాన్ని ఆలోచించకుండా ఆరేళ్ల పిల్లలకు తగిలించడం వల్ల వచ్చిన ఖాళీ అది.

భాష ఇంకో గోడ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో సవర, కొండ, కువి, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే 8 భాషల్లో మాతృభాషా బోధన మొదలైంది. ఇంటి భాషలో పాఠం మొదలుపెట్టి మెల్లగా తెలుగులోకి తీసుకెళ్లడం దాని పద్ధతి. మొదట తీసుకున్న బడులు 240. దాని వెనకున్న కారణం సూటిగా ఉంటుంది. బడి భాష రాని పిల్లవాడు ఏడాది రెండేళ్లు మౌనంగా కూర్చుంటాడు, ఆ మౌనాన్ని మందబుద్ధి కింద జమకడతారు. ఇప్పుడు ఇంగ్లిష్ మీడియంలోనూ జరుగుతున్నది ఇదే. రెండు రాష్ట్రాల్లోనూ ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు ఇస్తున్నారు. అర్థం చేసుకోవడానికి అవి సాయపడతాయి. కానీ తెలుగులో మాట్లాడితే తప్పు అనే వాతావరణం ఉన్న తరగతిలో పిల్లవాడు "మే ఐ గో టు టాయిలెట్" వరకు వచ్చి ఆగిపోతాడు. అసలు టాయిలెట్‌కు ఎందుకు వెళ్లలేకపోతున్నాడో చెప్పడానికి ఆ వాక్యం చాలదు.

గడియ కథ

టాయిలెట్ ప్రస్తావన ఊరికే తేలేదు. పిల్లల దగ్గర మాత్రమే ఉండే సమాచారం ఎలా ఉంటుందో చూపడానికి అంతకు మించిన ఉదాహరణ లేదు. ఒక బడి ఉందనుకుందాం. మరుగుదొడ్డి కడిగి ఉంది, నీళ్లు వస్తున్నాయి, ఫొటో తీసి యాప్‌లో ఎక్కించారు. పైనుంచి చూస్తే అంతా బాగుంది. కానీ లోపలి గడియ పిల్లలకు అందనంత ఎత్తులో ఉంది, లేదా ఊడిపోయి నెలయింది. నాలుగో తరగతి ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్తారు, ఒకరు బయట తలుపు పట్టుకుంటారు. తోడు దొరకని రోజు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు. ఇది ఏ ఫొటోలోనూ పడదు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "టాయిలెట్ బాగుందా?" అంటే "బాగుంది సార్" అనే కోరస్ సిద్ధంగా ఉంటుంది. సరిగ్గా చెప్పిన చిన్నపిల్లలే, అదే ప్రశ్న పెద్దవాళ్లు మళ్లీ అడిగితే మొదటి జవాబు తప్పేమోనని మార్చేస్తారు. అందుకే బాలల హక్కుల మీద పనిచేసేవాళ్లు వేరే దారి పడతారు. నేల మీద ముగ్గుతో బడి పటం గీయించి, ఇష్టమైన చోట ఆకుపచ్చ చుక్క, వెళ్లడానికి ఇష్టపడని చోట ఎర్ర చుక్క పెట్టమంటారు. అక్షరం రానివాడూ చుక్క పెట్టగలడు. ఎర్ర చుక్కలన్నీ ఒకే మూల పోగుపడితే, అప్పుడు "అక్కడ ఏమవుతుంది?" అని అడగడానికి ఒక చోటు దొరుకుతుంది.

ఆ తర్వాతి అడుగు దగ్గరే చాలా ప్రయత్నాలు చతికిలపడతాయి. గడియ సంగతి తెలిసింది. ఎవరు పెట్టిస్తారు, ఎప్పటికి? బడుల కోసం కేంద్రం నడిపే సమగ్ర శిక్షా పథకం కింద వచ్చే స్కూల్ గ్రాంటు 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10 వేల రూపాయలు, 31 నుంచి 100 మంది వరకు ఉంటే 25 వేలు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే. అయినా గడియకు ఆ డబ్బు చాలు. ప్రహరీ గోడకు చాలదు. పిల్లలకు ఈ తేడా చెప్పవచ్చు, వాళ్లకు అర్థమవుతుంది. "వారంలో పెట్టిస్తాం", "కుదరదు, ఎందుకంటే డబ్బు ఇంతే ఉంది", "ఇది మన చేతిలో లేదు, పంచాయతీకి రాశాం" అనే మూడు జవాబుల్లో ఏదైనా జవాబే. మౌనం మాత్రం కాదు. రెండుసార్లు చెప్పి రెండుసార్లూ మౌనం ఎదురైన పిల్లలు మూడోసారి చెప్పరు.

జవాబు చెప్పే ఏర్పాటు ఉన్నచోట

రాజస్థాన్‌లోని టిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ, పగలు పశువులు మేపుకునే పిల్లల కోసం రాత్రి బడులు నడిపింది. వాటికి అనుబంధంగా 1993 నుంచి పిల్లల పార్లమెంటు నడిచింది. రెండేళ్లకోసారి ఎన్నిక, ప్రధానమంత్రి, మంత్రులు అన్నీ ఉన్నాయి. పేర్లు చూస్తే స్వపరిపాలన దినోత్సవం లాగే ఉంటుంది, కానీ పని వేరు. టీచరు రాకపోతే, సోలార్ లాంతరు వెలగకపోతే ఆ పిల్లల మంత్రులు సంస్థలోని పెద్దలను పిలిచి అడిగేవారు, సంస్థ సమాధానం చెప్పేది. పార్లమెంటుకు బలం పదవుల పేర్ల వల్ల రాలేదు, ఆ సమాధానం వల్ల వచ్చింది.

కర్ణాటకలో పిల్లల పంచాయతీల ప్రయోగాలు 1990ల్లో స్వచ్ఛంద సంస్థలతో మొదలై, తర్వాత ప్రభుత్వమే గ్రామ పంచాయతీల్లో మక్కళ (పిల్లల) గ్రామసభలు జరపాలనే దాకా వచ్చాయి. పిల్లలు బడి దారి, తాగునీరు, వీధి దీపాల గురించి అడుగుతారు, పంచాయతీ అధ్యక్షుడు, అధికారులు ఎదురుగా కూర్చుని వినాలి. అన్ని పంచాయతీల్లో ఒకేలా జరగదు, కొన్నిచోట్ల అదీ ఫొటో కార్యక్రమంగానే ముగుస్తుంది. అయినా ప్రశ్న ఎవరిని అడగాలో అక్కడి పిల్లలకు తెలుసు.

కొలంబియాలో 1970ల మధ్యలో మొదలైన ఎస్క్వేలా నుయేవా, అంటే కొత్త బడి, తెలుగు పాఠకులకు మరీ దగ్గరి ఉదాహరణ. అది పుట్టింది ఒకరిద్దరు టీచర్లు ఉండే మారుమూల పల్లె బడుల కోసమే. అక్కడ పిల్లలు తమ హాజరు తామే వేసుకుంటారు. లైబ్రరీ, తోట, శుభ్రత చూసే కమిటీలు పిల్లలవే. పాఠం కార్డుల రూపంలో ఉంటుంది కాబట్టి ఎవరి వేగంతో వాళ్లు సాగుతారు. టీచర్లు తక్కువైతే పిల్లల గొంతు తగ్గాలనేం లేదని, పని పంచితే పెరగవచ్చని ఆ అనుభవం చూపింది. ఇలాంటి ఆలోచనే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ బడుల్లోనూ రూపుదిద్దుకుంది. ఒకే టీచరు, ఒకే గదిలో అన్ని తరగతులు, గోడ మీద అభ్యాసాల నిచ్చెన. పిల్లవాడు తానెక్కడున్నాడో చూసుకుని తన కార్డు తానే తీసుకుంటాడు. తర్వాత ఈ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ బడులకు వెళ్లింది. ఏం చేయాలో తానే ఎంచుకునే అలవాటున్న పిల్లవాడికి, ఏం బాగోలేదో చెప్పడమూ తేలికవుతుంది. తెలుగు నేల మీద ఎదిగిన పద్ధతికి పక్క రాష్ట్రంలో దక్కిన విస్తృతి ఇక్కడ దక్కలేదన్నది వేరే వ్యాసానికి సరిపడే సంగతి.

వేల్స్ చట్టం దారి పట్టింది. అక్కడ ప్రభుత్వ నిధులతో నడిచే ప్రాథమిక పాఠశాలల్లోనూ విద్యార్థి కౌన్సిల్ తప్పనిసరి అని 2005లో నిబంధనలు వచ్చాయి. పక్కనే ఉన్న ఇంగ్లండ్‌లో అలాంటి నిర్బంధం లేదు. చట్టం వల్ల మంచి కౌన్సిల్ వస్తుందన్న హామీ లేదు. కానీ కౌన్సిల్ ఉందా, కూర్చుందా, దాని మాట ఏమైంది అని అడిగే వీలు వచ్చింది.

వికటించే దారులు

పిల్లల మాటకు బలం పెరిగితే అన్నీ మంచి ఫలితాలే వస్తాయనుకోవడం తొందరపాటు. మధ్యాహ్న భోజనం సంగతి చూద్దాం. అన్నం ముద్దైంది, పప్పు నీళ్లలా ఉంది అని పిల్లలు చెబితే, వండేది ఆ పిల్లల పక్కింటి ఆవిడే. స్వయం సహాయక సంఘం సభ్యురాలు, బిల్లులు ఆలస్యమైతే అప్పు చేసి సరుకులు తెచ్చే మనిషి. పిల్లవాడి మాట సాయంత్రానికి వీధిలో గొడవ అవుతుంది, మర్నాడు ఆ పిల్లవాడి పళ్లెంలో గుడ్డు చిన్నదవుతుంది. అందుకే ఇలాంటి ఫిర్యాదు ఒక పిల్లవాడి పేరుతో కాక తరగతి మాటగా నమోదు కావాలి. ఎవరు చెప్పారన్న ఆరా తీయకుండా ఏం చెప్పారన్నదే చర్చకు రావాలి. వేధింపు, లైంగిక దాడి లాంటివైతే బడి సభలో చర్చించేవి కావు. వాటికి పిల్లలపై లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం, పిల్లల కోసం 1098 హెల్ప్‌లైన్ ఉన్నాయి, పెద్దలు వెంటనే అటు తీసుకెళ్లాలి.

పిల్లలే పిల్లలను అణచే ప్రమాదమూ ఉంది. మెజారిటీ ఓటు పెడితే ఆటల పీరియడ్‌లో ప్రతిసారీ క్రికెట్టే గెలుస్తుంది, ఖోఖో ఆడాలనుకునే అమ్మాయిలు ప్రతిసారీ ఓడిపోతారు. వంతులు పెట్టడం ఓటు కంటే మేలని చిన్నపిల్లలు తొందరగానే ఒప్పుకుంటారు.

ఇక పిల్లలను అడగాల్సిన పెద్ద ప్రశ్నలు కొన్ని అసలు బడి పరిధిలోనే ఉండవు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 3, 4, 5 తరగతులను దగ్గర్లోని హైస్కూళ్లలో కలిపినప్పుడు తల్లిదండ్రులు కొన్నిచోట్ల రోడ్డెక్కారు, ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి, రాజకీయ పక్షాలు మాట్లాడాయి. రోజూ ఆ దూరం నడిచే ఎనిమిదేళ్ల పిల్లలు దారిలో కుక్కల గురించి, రోడ్డు దాటడం గురించి ఏం చెబుతారన్నది నమోదు చేసే పద్ధతి ఏదీ లేదు. 2025లో ఆ విధానాన్ని పక్కన పెట్టి మళ్లీ బడులను సర్దినప్పుడూ లేదు.

టీచరు మాట ఎవరు వింటున్నారు?

పిల్లల గొంతు గురించి శిక్షణ ఇవ్వమంటే మండల స్థాయి అధికారులు వీడియో కాన్ఫరెన్స్ పెడతారు. అందులో రెండు వందల మంది టీచర్ల మైకులు మ్యూట్‌లో ఉంటాయి. ఇది వెక్కిరింపు కోసం చెప్పడం లేదు, అసలు మెలిక ఇక్కడే ఉంది. పై నుంచి ఉత్తర్వు, కింది నుంచి నివేదిక తప్ప వేరే సంభాషణ తెలియని వ్యవస్థలో, ఆఖరి మెట్టు మీదున్న టీచరు తన కిందివాళ్లతో వేరే విధంగా ఉండాలని ఆశిస్తున్నారు. గడియ విషయం హెడ్మాస్టర్ పైకి రాస్తే ఆయనకూ జవాబు రాకపోవచ్చు. తనకే జవాబు రానివాడు పిల్లలకు ఏ తేదీ చెబుతాడు?

నెలనెలా జరిగే స్కూల్ కాంప్లెక్స్ సమావేశం దీనికి పనికొచ్చే వేదిక. చుట్టుపక్కల బడుల టీచర్లు ఒకచోట చేరతారు, ఆ బడులకు సాయపడే సీఆర్పీ (క్లస్టర్ రిసోర్స్ పర్సన్) ఉంటారు, ఎంఈఓ రావచ్చు. ఎజెండా మాత్రం రాష్ట్రం నుంచి నిమిషాలతో సహా వస్తుంది. ఆ ఎజెండాలో "పిల్లలు ఈ నెల ఏం అడిగారు, ఏం చెప్పాం" అని పావుగంట పెట్టడానికి కొత్త జీవో అవసరం లేదు, కొత్త ఖర్చూ లేదు. యాజమాన్య కమిటీ సమావేశంలో ఐదో తరగతి పిల్లలిద్దరు మొదటి పది నిమిషాలు వచ్చి తమ తరగతుల జాబితా చదివి వెళ్లడానికీ చట్టం అడ్డు రాదు.

ఇప్పటిదాకా ఎవరిని అడిగినా వచ్చే సమాధానం ఒకటే: ఒక్క టీచరు, ఐదు తరగతులు, పిల్లల మాట వినడానికి టైమెక్కడ? ఏకోపాధ్యాయ బడుల్లో అది నిజమే. అయితే ఆంధ్రప్రదేశ్‌లో 2025 నుంచి తరగతికో టీచరు ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లను ఏర్పాటు చేశారు. ఒకే మండలంలో రెండు రకాల బడులూ పక్కపక్కనే ఉన్నాయి. మోడల్ బడిలోనూ రెండు మూడేళ్ల తర్వాత లీడర్ పని బోర్డు మీద పేర్లు రాయడమే అయితే, సమస్య టీచర్ల సంఖ్యలో లేదని తేలుతుంది.